ఈస్ట్‌కి చోటిచ్చిందెవరు?

"ఒంట్లో ఈస్ట్ పెరిగిపోయిందో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చటగా, నిజమేనా?" ఆరోగ్యం గురించి నలుగురు కూర్చుని మాట్లాడుకునే చోట ఈ మధ్య తరచుగా వినిపించే ప్రశ్న ఇది. అడిగేవాళ్ళ ఫోనులో ఒక వీడియో ఉంటుంది. పొద్దున్నే లేచి, పళ్ళు తోముకోకముందే గ్లాసుడు నీళ్ళలో ఉమ్మమంటుంది ఆ వీడియో. కాసేపటికి ఉమ్మిలోంచి దారాలు కిందికి దిగాయా, ఇక మీ కడుపు నిండా ఈస్టే. అరటిపండు మానండి, అన్నం మానండి, ఇడ్లీ మానండి, చివరగా ఫలానా పొడి కొనండి.

ఉమ్మి అంటే ఒట్టి నీరు కాదు. అందులో మ్యూసిన్లనే జిగురు పదార్థాలుంటాయి. రాత్రంతా నోరు ఆరి ఉండటంతో పొద్దుటి ఉమ్మి మరీ చిక్కగా ఉంటుంది. గాలి బుడగలున్న భాగం పైన తేలుతుంది, బరువైన జిగురు తీగలు సాగుతూ దిగుతుంది. ఈస్ట్ ఉన్నా దిగుతుంది, లేకపోయినా దిగుతుంది. పాపం ఇడ్లీని ఇందులోకి లాగడం మరీ అన్యాయం. ఇడ్లీ పిండి పులవడంలో పెద్ద పని లూకోనాస్టాక్ వంటి బాక్టీరియాలది. బేకరీలో రొట్టెను పొంగించేది శాకరోమైసిస్ అనే ఈస్ట్. మనుషుల ఒంట్లో తంటాలు తెచ్చేది ఆ రెండూ కాదు. దాని పేరు కాండిడా.

ఆ ప్రశ్న మాత్రం మంచి ప్రశ్నే. కాండిడా అతిగా పెరిగితే గుర్తులుంటాయి. వాటిలో చాలా వాటిని అద్దంలో చూసుకోవచ్చు, వేలితో తాకి చూడొచ్చు. గ్లాసుడు నీళ్ళతో పనిలేదు.

జనరల్ బోగీలో ప్రయాణికుడు

కాండిడా శిలీంధ్ర జాతి జీవి. అంటే పుట్టగొడుగుకీ బూజుకీ చుట్టం. దానిలో చాలా రకాలున్నా మన ఒంట్లో ఎక్కువగా కాపురముండేది కాండిడా ఆల్బికాన్స్. గుండ్రటి ఒంటరి కణం, మీటరులో పదిలక్షో వంతును కొలతగా తీసుకుంటే నాలుగైదు ఉంటుంది. పక్కనుండే బాక్టీరియా కంటే చాలా పెద్దది. ఆరోగ్యంగా ఉన్న ఎంతోమంది నోట్లో, పేగుల్లో, స్త్రీల యోనిలో అది ఉంటుంది. ఉంటే ఉందని కూడా తెలియదు.

దాన్ని అదుపులో ఉంచుతున్నది ఏమిటో తెలియాలంటే సికింద్రాబాద్‌లో విజయవాడ వైపు బయల్దేరే ఏదో ఒక రైలు జనరల్ బోగీ ఎక్కాలి. సీట్ల మీద, సీట్ల మధ్య, పై అరల మీద జనం. తలుపు దగ్గర, బాత్రూం గోడకి ఆనుకుని, ఒకాయన తన సంచి మీద ముడుచుకుని కూర్చుంటాడు. అతను ఎవరి జోలికీ పోడు. పోదామన్నా చోటు లేదు. ఖమ్మం దాటి విజయవాడ వచ్చేసరికి బోగీ సగం ఖాళీ అవుతుంది. అప్పుడు లేస్తాడు. సీటు మీద తువ్వాలు పరుస్తాడు, కాళ్ళు బార్లా చాపుతాడు, సంచి పక్క సీటులో పెడతాడు. మనిషి మారలేదు, ఖాళీ వచ్చిందంతే. మన పేగుల్లోని బాక్టీరియాయే ఆ జనం. యోనిలోనైతే లాక్టోబాసిల్లై అనే బాక్టీరియా ఆమ్లం తయారుచేస్తూ చోటంతా ఆక్రమించి ఉంటుంది. టీసీ పని రక్తంలోని తెల్లకణాలది.

చోటు దొరికాక కాండిడా రూపం కూడా మారుస్తుంది. గుండ్రటి కణం నుంచి సన్నటి పోగు సాగి చర్మపు పైపొరల కణాల్లోకి దూరుతుంది. ఆ పోగులు కాండిడాలైసిన్ అనే విషాన్ని వదిలి కణాలకి చిల్లులు పెడతాయని 2016లో లండన్, జర్మనీ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. మంట, ఎరుపు, దురద పుట్టేది ఆ గాయాల నుంచి. ల్యాబుల్లో ఈ స్వభావాన్నే పరీక్షగా వాడుకుంటారు. అనుమానమున్న ఈస్ట్‌ని రక్తద్రవంలో వేసి, ఒంటి వేడిమి దగ్గర రెండు మూడు గంటలు ఉంచుతారు. పోగు మొలిస్తే అది చాలావరకు ఆల్బికాన్సే అన్నమాట.

బోగీని ఖాళీ చేసేవాటిలో మొదటిది యాంటీబయోటిక్. ఈ కథలో మన భీమవరం మనిషి ఒకరున్నారు. యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకి నాయకత్వం వహిస్తున్న రోజుల్లో, అక్కడి వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలం మట్టిలోంచి ఆరియోమైసిన్‌ని తీశాడు. 1948లో అది లోకానికి తెలిసింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. పెన్సిలిన్ లొంగదీయలేని ఎన్నో రకాల బాక్టీరియాని అణచగల మందు అది. కొద్దికాలానికే డాక్టర్లు ఒక వింత గమనించసాగారు. జబ్బు తగ్గిన రోగుల నోట్లో తెల్లపూత, స్త్రీలకి దురద. మందు చెడ్డదై కాదు, మరీ గట్టిగా పనిచేసినందువల్ల. శిలీంధ్ర కణం నిర్మాణంలో బాక్టీరియా కంటే మన కణానికే దగ్గర. అందుకే బాక్టీరియాని చంపేది దాన్ని ముట్టుకోదు. 

శిలీంధ్రాన్ని చంపి మనిషిని వదిలేసే మందు కావలసి వచ్చింది. న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖలో ఇద్దరు స్త్రీలు దానికోసం వెతికారు. ఎలిజబెత్ హేజెన్ న్యూయార్క్ నగరంలో మట్టి నమూనాల్లోంచి సూక్ష్మజీవుల్ని పెంచి, సీసాల్లో పెట్టి ఆల్బనీకి పోస్టు చేసేది. అక్కడ రేచల్ బ్రౌన్ వాటిలోంచి మందు పదార్థాన్ని విడదీసి తిరిగి పోస్టులో పంపేది. వర్జీనియాలో ఒక స్నేహితుల పొలం మట్టిలో వాళ్ళకి కావలసింది దొరికింది. 1950లో ప్రకటించారు, పేరు నిస్టాటిన్. శిలీంధ్ర కణాల పొరలో ఉండే ఎర్గోస్టెరాల్‌ని అది పట్టుకుంటుంది. మన కణాల్లో ఆ చోట కొలెస్టరాల్ ఉంటుంది కాబట్టి బతికిపోతాం. పేటెంటు మీద వచ్చిన కోటి ముప్ఫై లక్షల డాలర్లనూ ఇద్దరూ శాస్త్ర పరిశోధనకే ఇచ్చేశారు.

నోట్లో తెల్లపూత

నోట్లో ఏం వచ్చినా మనం "వేడి చేసింది" అనేస్తాం. మజ్జిగ తాగి, సబ్జాగింజలు నానబెట్టుకుని ఊరుకుంటాం. నోరు పూయడంలో రకాలున్నాయి. బుగ్గ లోపల గుండ్రంగా, చుట్టూ ఎర్రటి అంచుతో, కారం తగిలితే ప్రాణం పోయేంత మండే పుండు కాండిడాది కాదు. దాని పూత తెల్లగా, మెత్తగా, పాలవిరుగుడు అంటుకున్నట్టు నాలుక మీద, బుగ్గల లోపల, అంగిట్లో కనిపిస్తుంది. గాజుగుడ్డతో గట్టిగా తుడిస్తే ఊడివస్తుంది, కింద ఎర్రటి పచ్చిచర్మం బయటపడుతుంది. ఒక్కోసారి రక్తం చెమరుస్తుంది. నోటికి రుచి తెలియదు, లోపలంతా దూది ఉన్నట్టుంటుంది.

చంటిపిల్లల్లో ఇది మామూలే. ప్రసవంలో తల్లి నుంచి అంటుకున్న ఈస్ట్ మొదటి వారం దాటాక పూతగా పైకి రావచ్చు. పాలు తాగిన మరకతో పొరబడటం సులువు. మరక నాలుక మీదే ఉంటుంది, తడిగుడ్డతో తేలిగ్గా పోతుంది. పూత బుగ్గల లోపలికీ పాకుతుంది, తుడిస్తే మొరాయిస్తుంది. బిడ్డ నోట్లో పూత, తల్లి చనుమొనల్లో మంట కలిసి ఉంటే ఇద్దరికీ మందు అవసరమేమో డాక్టరు చూడాలి. తేనె రాయమని పెద్దవాళ్ళు చెబుతారు. ఏడాది నిండని బిడ్డకి తేనె వద్దు. అందులో ఉండగల బొటులిజం బీజాలు పసికందుకి ప్రమాదం.

పెద్దవాళ్ళ నోట్లో పూత వస్తే మాత్రం ఎందుకు వచ్చిందని అడగాల్సిందే. ఆయాసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చి నోరు కడుక్కోనివాళ్ళున్నారు. పుక్కిలించి ఉమ్మేస్తే, స్పేసర్ గొట్టం వాడితే చాలావరకు తప్పుతుంది. కట్టుడు పళ్ళు రాత్రీ పగలూ తీయనివాళ్ళకి పైసెట్టు కింద అంగిలి సరిగ్గా ఆ సెట్టు ఆకారంలోనే ఎర్రబడుతుంది. తెల్లపూత ఉండకపోవచ్చు, నొప్పీ ఉండకపోవచ్చు. పెదవుల సెలవులు తెగితే "బీ కాంప్లెక్స్ తక్కువైంది" అంటాం. నిజంగా తక్కువ కావచ్చు, ఇనుము తక్కువ కావచ్చు, పళ్ళు పోయి మూతి మడతపడి అక్కడ ఉమ్మి ఊరి ఈస్ట్ చేరి ఉండొచ్చు. తరచుగా రెండు మూడు కలిసే ఉంటాయి.

ఏ కారణమూ కనబడకపోతే? 1981 జూన్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం వారపత్రిక లాస్ ఏంజెలిస్‌లో ఐదుగురు యువకుల అరుదైన న్యుమోనియా గురించి రాసింది. ఎయిడ్స్ గురించి లోకానికి అందిన మొదటి నివేదిక అదే. ఆ ఐదుగురికీ కాండిడా కూడా ఉంది. అందుకే యాంటీబయోటిక్, స్టెరాయిడ్, షుగర్ ఏదీ లేని మనిషి నోట్లో పూత చూస్తే డాక్టరు హెచ్ఐవీ పరీక్ష అడుగుతాడు. అందులో అవమానమేమీ లేదు, ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం కూడా. మింగుతుంటే గుండెల వెనక నొప్పి కూడా ఉంటే పూత అన్నవాహికలోకి దిగిందని అనుమానించాలి.

తుడిస్తే ఊడని తెల్లమచ్చ వేరే సంగతి. గుట్కా, ఖైనీ దవడన పెట్టేవాళ్ళలో అది క్యాన్సర్‌కి ముందు దశ కావచ్చు. శ్రీకాకుళం, విశాఖ తీరగ్రామాల్లో కొందరు స్త్రీలు చుట్ట నిప్పుని నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. ఆ వేడికీ పొగకీ వాళ్ళ అంగిలి తెల్లబారి గరుకెక్కుతుంది. ఎన్నో దశాబ్దాలుగా వైద్యులు పరిశోధించిన విషయం ఇది. అలాంటి నోటికి ఈస్ట్ మందు రాస్తూ నెలలు గడిపేస్తే పోయేది విలువైన కాలం.

సందులు, మడతలు, గోళ్ళు

చర్మం మీద కాండిడాకి కావలసింది వెచ్చదనం, తడి. గజ్జల్లో, రొమ్ముల కింద, పొట్ట మడతలో ఒరుసుకుపోయిన చోట అది చేరుతుంది. పచ్చిమాంసంలా ఎర్రగా, తడిగా ఉంటుంది. దాని అంచు దాటాక చుట్టూ విడివిడిగా చిన్న ఎర్రటి పొక్కులు చల్లినట్టుంటాయి. ఆ పొక్కులే అసలు ఆనవాలు. తామరైతే వలయంగా, అంచు ఉబ్బి, మధ్యలో మాని ఉంటుంది. పసిపిల్లల డైపరు కింద కూడా ఇదే లెక్క. డైపరు రాపిడి వల్ల వచ్చిన ఎరుపు తొడల మడతల లోపలికి పోదు, ఈస్ట్ పోతుంది.

చేతులు రోజంతా నీళ్ళలో నానేవాళ్ళకి ఇంకో చోటు ఉంది. హోటల్లో గిన్నెలు తోమేవాళ్ళు, చేపలు శుభ్రం చేసేవాళ్ళు, నాట్లు వేసేవాళ్ళు నడిమివేలికీ ఉంగరపు వేలికీ మధ్య సందు విప్పి చూసుకోవాలి. అక్కడ చర్మం తెల్లగా నాని, నడుమ ఊడి ఎర్రగా ఉంటే అనుమానించవచ్చు. ఆ రెండు వేళ్ళూ మిగతావాటికంటే దగ్గరగా అతుక్కుని ఉంటాయి, సందు ఆరదు. గోరుచుట్టులోనూ రెండు రకాలు. రాత్రికి రాత్రి వాచి, చీముపట్టి, సలుపుతూ నిద్రపట్టనివ్వనిది బాక్టీరియా పని. వారాల తరబడి గోరు మొదలు ఉబ్బి, గోటినంటుకుని ఉండే పల్చటి చర్మం ఊడిపోయి, గోరు మీద అడ్డగీతలు పడే రకంలో మాత్రం నీళ్ళలో పాడైన చర్మం సందున కాండిడా కాపురం పెడుతుంది. నిమ్మకాయకి చిల్లు పొడిచి వేలికి తొడగడం మన ఇళ్ళలో పాత వైద్యం. ఈ రెండో రకానికి అది బొత్తిగా పనికిరాదు, ఆరవలసిన వేలిని నానబెట్టినట్టవుతుంది.

ఇక మందుల షాపు. గజ్జల్లో దురద అనగానే కౌంటరు మీదికి వచ్చే ట్యూబులో తరచుగా మూడు మందులుంటాయి. శిలీంధ్రానికొకటి, బాక్టీరియాకొకటి, ఒక ఘాటైన స్టెరాయిడ్. స్టెరాయిడ్ వల్ల రెండు రోజుల్లో దురద మాయమవుతుంది, మందు భలే ఉందనిపిస్తుంది. అదే స్టెరాయిడ్ అక్కడి చర్మపు రక్షణని పడుకోబెడుతుంది. ట్యూబు ఆపగానే దురద ఇంతకింతై తిరిగొస్తుంది, ఇంకో ట్యూబు కొంటారు. స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం ఆదేశమిచ్చింది. కౌంటరు దగ్గర ఆ ఆదేశం ఎంత అమలవుతోందో మీకు తెలిసిందే.

ఎవరితోనూ చెప్పుకోని దురద

స్త్రీలలో ప్రతి నలుగురిలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వచ్చే జబ్బు యోనిలో ఈస్ట్. అయినా చెప్పుకోవడానికి సిగ్గు. తెల్లబట్ట కావడం దానంతటది జబ్బు కాదు, నెలసరి రోజుల్ని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఈస్ట్‌దైతే చిక్కగా, విరిగిన పెరుగు ముక్కల్లా ఉంటుంది. వాసన పెద్దగా ఉండదు. దురద మాత్రం విపరీతం, మూత్రం తగిలితే మంట. పల్చగా, బూడిదరంగులో, చేపల వాసనతో అవుతుంటే అది బాక్టీరియా సమతూకం తప్పడం. నురుగుగా, పచ్చగా అవుతుంటే ట్రైకోమోనాస్ అనే మరో జీవి. మూడింటికీ మందులు వేరు.

పొరపాటు ఎంత సులభమో 2002లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనం చూపించింది. తమకు ఈస్టేనని నమ్మి షాపులో సొంతంగా మందు కొన్న 95 మంది స్త్రీలను పరీక్షిస్తే, అచ్చంగా ఈస్ట్ ఒక్కటే ఉన్నది మూడోవంతు మందికే. మిగతావాళ్ళకి వేరే జబ్బు, లేదా కలగాపులగం, లేదా ఏమీ లేదు. సూక్ష్మదర్శిని కింద చూడటానికి ల్యాబులో కొద్ది నిమిషాలు చాలు. గర్భిణులకి ఈ బాధ ఎక్కువ. వాళ్ళు ఫ్లూకోనజోల్ అనే ఈస్ట్ మాత్ర సొంతంగా మింగకూడదు, వాళ్ళకి పూతమందులే ఇస్తారు.

ఏడాదిలో మూడుసార్లు, అంతకన్నా ఎక్కువ వస్తుంటే రక్తంలో చక్కెర చూపించుకోవాలి. మగవాళ్ళకైతే మొదటిసారికే చూపించుకోమంటాను. పురుషాంగం ముందు చర్మం ఎర్రబడి, నిలువుగా సన్నటి పగుళ్ళు వచ్చి, వెనక్కి జరపబోతే చురుక్కుమంటుంది. షుగర్ ఉందని తెలియని నడివయసు మగవాడికి ఆ పగుళ్ళే మొదటి కబురు కావచ్చు. చర్మాల డాక్టరు దగ్గరికి దురదకని వెళ్ళి షుగర్ మాత్రలతో తిరిగొచ్చేవాళ్ళు అరుదేమీ కాదు.

షుగర్ మాత్రలు వేసుకుంటుంటే కొత్తగా మొదలయ్యే దురద కూడా ఉంది. డాపాగ్లిఫ్లోజిన్ రకం మందులు మూత్రపిండాలు చక్కెరని వెనక్కి లాక్కోకుండా అడ్డుకుంటాయి. రోజుకి సుమారు 70 గ్రాముల చక్కెర మూత్రంలో పోతుంది. గుండెకీ మూత్రపిండాలకీ మేలుచేసే మంచి మందులివి. 2020లో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు ముగిశాక మన దేశంలో అది చవకై, ఊరూరా రాస్తున్నారు. అయితే తియ్యటి మూత్రం తగిలే చర్మం మీద ఈస్ట్‌కి పండగ. మూత్రానికి వెళ్ళాక నీళ్ళతో కడిగి ఆరబెట్టుకోవడం చాలామందికి సరిపోతుంది. దురద వస్తే మాత్ర రాసిన డాక్టరుకి చెప్పాలి. ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేయడమే ప్రమాదం.

డెబ్బై ప్రశ్నలు

అలసట, తలనొప్పి, మతిమరుపు, పొట్ట ఉబ్బరం, తీపి మీద యావ. ఈస్ట్ గురించి ఫోనులో వెతికితే ముందు వచ్చే జాబితా ఇదే. దీని పుట్టుక అమెరికాలో. టెనెసీ రాష్ట్రపు పిల్లల డాక్టరు విలియం క్రూక్ 1983లో ఒక పుస్తకం వేసి, 70 ప్రశ్నల పట్టిక ఇచ్చాడు. జవాబులకి మార్కులు వేసుకుంటే మీ బాధలకి మూలం పేగుల్లోని ఈస్టో కాదో తేలుతుందన్నాడు. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. ఆ పట్టికలో బతుకు బాధలన్నీ ఉంటే ఎవరికి మార్కులు రావు! ఇది ఊహే, రుజువు లేదని 1986లో అక్కడి ఎలర్జీ వైద్యుల సంఘం తేల్చింది. 1990లో అలబామా వైద్యులు నిస్టాటిన్‌తోనే పరీక్ష పెట్టారు. 42 మంది స్త్రీలకి కొంతకాలం మందు, కొంతకాలం ఉత్త మాత్ర, ఏది ఎప్పుడో ఇచ్చేవాళ్ళకీ తెలియదు, వేసుకునేవాళ్ళకీ తెలియదు. యోని దురద వంటివి మందుతోనే ఎక్కువ తగ్గాయి. అలసట, దిగులు మాత్రం ఉత్త మాత్రతోనూ అంతే తగ్గాయి.

మరి ఈస్ట్ పేరుతో చెప్పే పథ్యం చేసి తేరుకున్నామనేవాళ్ళు అబద్ధమాడుతున్నారా? లేదు. చక్కెర, బేకరీ తిండి, కూల్‌డ్రింకులు మానేస్తే ఎవరికైనా ఒళ్ళు తేలికపడుతుంది, ఈస్ట్ చావనవసరం లేదు. నాకు కోపం తెప్పించేది వేరే ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన 15–49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవాళ్ళు ఆంధ్రలోనూ తెలంగాణలోనూ నూటికి 57 మందికి పైనే. మన ఇంట్లో ఒక ఆడమనిషి మెట్లెక్కితే ఆయాసం, పొద్దున్న లేవలేకపోతున్నానంటే ముందు చూడాల్సింది హిమోగ్లోబిన్, తర్వాత థైరాయిడ్, చక్కెర. ఆమె చేత అన్నం మాన్పించి, విదేశీ పొడి తాగించడం పైన ఇంకో దెబ్బ.

పైకి ఏమీ కనిపించనప్పుడు

ప్రాణం తీసే కాండిడా మాత్రం సాధారణంగా ఇలా నడుస్తూ తిరుగుతూ ఉన్న మనిషిలో ఉండదు, ఎక్కువగా ఐసీయూ వంటి చోట్ల ఉంటుంది. పెద్ద ఆపరేషను అయ్యి, మెడ దగ్గర పెద్ద సిరలో గొట్టం ఉండి, రోజుల తరబడి యాంటీబయోటిక్స్ నడుస్తున్న మనిషికి జ్వరం దిగకపోతే రక్తంలో ఈస్ట్ చేరిందేమోనని అనుమానిస్తారు. పూత ఉండదు, దురద ఉండదు. రక్తాన్ని కల్చర్‌కి పంపినా సుమారు సగం కేసుల్లో ఏమీ పెరగదు. 2009లో జపాన్‌లో ఒక వృద్ధురాలి చెవిలో మొదటిసారి గుర్తించిన కాండిడా ఆరిస్ ఇప్పుడు మన దేశపు ఆసుపత్రుల్లోనూ ఉంది. చాలా మందులకి లొంగదు, మంచాలకీ పరికరాలకీ అంటుకుని రోజుల తరబడి బతుకుతుంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యంత ప్రమాదకరమైన శిలీంధ్రాల జాబితా వేస్తే మొదటి వరుస నాలుగింటిలో ఇదీ ఉంది, మన పాత ఆల్బికాన్సూ ఉంది.

రక్తంలో కాండిడా ఉందని తేలితే ఒకపక్క మందు ఎక్కిస్తూనే వీలైతే ఆ గొట్టాన్ని తీసేస్తారు. ఈస్ట్ దాని గోడకే పొరలా పట్టుకుని ఉంటుంది. కంటి డాక్టరు వచ్చి రెటీనా చూస్తాడు, రక్తంలో తిరిగే కాండిడా అక్కడ మకాం పెట్టగలదు కాబట్టి. రక్తం శుభ్రమైందని కల్చర్‌లో తేలిన రోజు నుంచి లెక్కపెట్టి కనీసం 14 రోజులు మందు కొనసాగిస్తారు.